అమ్మ చదివింపులు

ఖరగ్‌పూర్‌లో తెలుగువాడు సొంతిల్లు కొంటున్నాడంటే, మూడు తరాల బద్ధకం వదిలిందని అర్థం. తాత శ్రీకాకుళం నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకొచ్చి క్వార్టర్లో కాపురం పెట్టాడు. తండ్రిదీ అదే వర్క్‌షాపు, వీధి మారిన క్వార్టరు. రిటైరై తాళాలు అప్పజెప్పాల్సి వచ్చినప్పుడు గానీ, మేకు కొట్టుకోడానికి మనదంటూ ఒక గోడ లేదని తెలిసిరాదు. మా మేనల్లుడికి ఈ జ్ఞానం ముప్ఫై ఏళ్లకే కలిగింది. ఊళ్లోనే, ఇందాలో ఫ్లాటు చూశాడు. ముప్ఫై లక్షలు.

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు గృహరుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. మిగతా పది శాతం, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను మనం తెచ్చుకోవాలి. మా అక్క అయిదు లక్షలు కొడుకు ఖాతాలో వేసింది. వాడి కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

బ్యాంకు ఆఫీసరు స్టేట్‌మెంటు ముందేసుకుని, ఆ అయిదు లక్షల చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాడు.

"ఇదేమిటి?"

"మా అమ్మ ఇచ్చింది సార్."

"ఆవిడకెక్కడిది?"

"నాన్నగారి గ్రాట్యుటీ. నామినీగా అమ్మకొచ్చింది."

"ఆయనకెవరిచ్చారు?"

"రైల్వే."

"కాగితాలు?"

పెన్షన్ ఆర్డరు, మరణ ధ్రువపత్రం, ఎఫ్‌డీ రసీదు, అక్క పాస్‌బుక్కు మూడేసి సెట్లు జిరాక్సు తీయించాం. ఆ అయిదు లక్షల్లో ఒక లక్ష మాత్రం వీధి చీటీది. దానికి నమ్మకం తప్ప కాగితం లేదు. నమ్మకాన్ని జిరాక్సు తీసే మిషను గోల్‌బజార్‌లో కూడా దొరకలేదు.

రైల్వేకెక్కడిదని ఆయన అడక్కపోవడం మా అదృష్టం. అడిగుంటే 1887లో లండన్‌లో పుట్టిన కంపెనీ కథంతా చెప్పాల్సొచ్చేది. లైను మీద లాభం వచ్చినా రాకపోయినా అక్కడి వాటాదార్ల వడ్డీకి పూచీ మన ఖజానాదే. అంటే మా ముత్తాత కట్టిన పన్నుతో మొదలుపెట్టాలి. అన్ని సెట్లు జిరాక్సు తీయిస్తే మా స్టేషన్లోని 1072 మీటర్ల ప్లాట్‌ఫారం పొడుగునా పరవొచ్చు.

ఆ తర్వాత గిఫ్టు లెటరు. ఈ సొమ్ము సహజమైన ప్రేమాభిమానాలతో ఇస్తున్నాననీ, తిరిగి ఆశించననీ తల్లి సంతకం పెట్టాలి. మా అక్క కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. "ఏటిరా తమ్ముడూ, కన్నకొడుక్కి పేమతో ఇచ్చినానని నోటరీ కాడ సెప్పాలేటి?" అంది. సంతకమైతే పెట్టింది. తిరిగి ఆశించనన్న ముక్క కోడలికి రోజుకోసారి వినిపిస్తోంది.

ఆదాయపు పన్నువారి చుట్టరికాల పట్టిక ఇంకా రుచిగా ఉంటుంది. తల్లిదండ్రులు, తోడబుట్టినవాళ్లు, పిన్నీ బాబాయిలు, మేనత్త, మేనమామ ఎంతిచ్చినా పన్ను లేదు. అంటే నేను ఇవ్వొచ్చు. వాడు నన్నడగలేదు, నేనూ గుర్తుచేయలేదు. అదే నా కొడుకు ఇచ్చాడనుకోండి, పరాయివాడి కింద లెక్క. పరాయివాళ్లిచ్చింది ఏడాదికి 50 వేలు దాటితే మొత్తానికి మొత్తం ఆదాయమే. పెళ్లిలో బావకి కాళ్లు కడగడానికి పనికొచ్చిన మేనమామ కొడుకు ఇంటి దగ్గరికొచ్చేసరికి ఎవరో దారిన పోయే దానయ్య. పెళ్లికొడుక్కి పెళ్లిలో ఇచ్చిన కానుక మాత్రం ఎవరిచ్చినా పన్నుండదు. ఇల్లు కొనాలనుకునేవాడు ముందే ముహూర్తం పెట్టించుకోవాలన్నమాట.

నల్లడబ్బు ఇళ్లలో దూరుతుంది కాబట్టి బ్యాంకులు అడుగుతాయి. ఒప్పుకుంటాను. నోట్లు రద్దయిన మరుసటి నెల, 2016 డిసెంబరులోనే, లెక్క చెప్పలేని సొమ్ము మీద పన్నును 30 నుంచి 60 శాతానికి పెంచారు, సర్‌చార్జీ అదనం. మరి ఇళ్లు అమ్మేవాళ్లలో కొందరు "కొంత చెక్కు, కొంత నగదు" అంటారే, వాళ్లు ఒక్క కాగితమూ అడగరు. పైగా కాగితం లేని డబ్బంటేనే వాళ్లకి ప్రీతి.

అడక్కూడని చోటు ఇంకొకటుంది. 2018 నుంచి ఎన్నికల బాండ్ల రూపంలో పార్టీలకు 16 వేల కోట్లకు పైగా కానుకలందాయి. ఎవరిచ్చారో తెలుసుకునే హక్కు పౌరులకు లేదని 2023లో అటార్నీ జనరల్ సుప్రీంకోర్టుకే విన్నవించారు. కోర్టు 2024 ఫిబ్రవరి 15న ఆ పథకాన్ని కొట్టేసి వివరాలిమ్మంటే, స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువడిగింది. అన్ని కోట్లు ఎవరు ఎవరికిచ్చారో పోల్చి చూడ్డానికి అంత సమయం కావాలట! మార్చి 11న కోర్టు కసిరితే మర్నాటికే లెక్కలు ఎన్నికల సంఘానికి చేరాయి. ఆ పార్టీల్లో ఒక్కదాన్నీ సహజమైన ప్రేమాభిమానాలతో పుచ్చుకున్నామని నోటరీ దగ్గర రాసిమ్మని ఎవరూ అడగలేదు.

నిజానికి ఇచ్చిందెవరో అడిగి రాసుకునే ఈ పద్ధతి మనకెప్పుడో తెలుసు. మన పెళ్లి పందిట్లో ఒకాయన పుస్తకం తెరిచి కూర్చుంటాడు. ఎవరు, ఏ ఊరు, ఎంత అన్నీ రాసుకుంటాడు. మైకులో పదిమందీ వినేలా చదువుతాడు. ఇచ్చిందెవరు, నిజంగా ఇచ్చారా, వాళ్లకంత స్తోమతుందా అన్న ప్రశ్నలన్నీ అక్కడికక్కడే తేలిపోతాయి. స్తోమతు సంగతి ఆడవాళ్ల వరసలో మరీ త్వరగా తేలుతుంది.

కాబట్టి పార్టీలన్నీ ఇకమీదట చందాలు షామియానా వేసి పుచ్చుకోవాలి. "ఫలానా సిమెంటు కంపెనీవారి చదివింపులు, యాభై కోట్లు! ఆ ఎదర కూర్చున్న గనుల కాంట్రాక్టరుగారివి, నూటపదహారు కోట్లు!" అని మైకులో కేకెయ్యాలి. ఆ పుస్తకం ఏ ఓటరడిగినా చూపించాలి. అంతవరకూ జరిగితే, మా అక్క వీధి చీటీ లక్షకి మేమూ ఎలాగోలా ఒక కాగితం పుట్టిస్తాం.