ఎనిమిది రోజులు, నాలుగు దేశాలు, ఒక కుక్కర్

మా బామ్మర్ది సకుటుంబంగా ఓడెక్కి మధ్యధరా సముద్రం చుట్టొచ్చాడు. ఈ వార్త మీకింకా అందలేదంటే మీరు కరీంనగర్‌లో లేరన్నమాట. టవర్ సర్కిల్ పాన్‌డబ్బా ఆయనకు తెలుసు, మంకమ్మతోటలో ఇస్త్రీ చేసే ఆయనకు తెలుసు, మానేరు డ్యామ్ కట్ట మీద పొద్దున నడిచే గుంపుకైతే తలా రెండేసి సార్లు తెలుసు.

"ఎనిమిది రోజులు, నాలుగు దేశాలు బావా. యూరప్ అయిపోయింది" అన్నాడు, పరీక్ష రాసొచ్చిన పిల్లాడు సోషల్ అయిపోయిందన్నట్టు.

ఎట్లా అయిపోయిందో చూద్దాం. జెనోవాలో ఓడెక్కారు. తెల్లారి చివిటవెక్కియా, తర్వాత పలెర్మో, మాల్టాలో వలెట్టా, ఒకరోజు ఉత్త నీళ్లు, బార్సిలోనా, మార్సెయ్, మళ్లీ జెనోవా. ఓడ పొద్దున రేవులో ఆగుతుంది, పొద్దుగూకే వేళకు కదులుతుంది. చివిటవెక్కియాను రోమ్ రేవు అంటారు గానీ అక్కణ్నుంచి రోమ్ 70, 80 కిలోమీటర్లు. మనల్ని వరంగల్‌లో దించి, ఇదే కరీంనగర్, చూసి సాయంత్రానికల్లా రండి, రాకపోతే బండి ఆగదు అన్నట్టు. ఓడ నిజంగానే ఆగదు. సొంతంగా ఊరు చూడబోయి ఆలస్యమైతే తర్వాతి రేవుకు మీ డబ్బులతో మీరే రావాలి. ఆ భయంతో మావాడు క్రీ.శ. 80లో తెరిచిన కొలోసియమ్‌ను బయట నిలబడి పదకొండు నిమిషాలు చూశాడు. అందులో తొమ్మిది నిమిషాలు దానికి వీపు పెట్టి చూశాడు. సెల్ఫీలో అట్లాగే చూడాలి మరి.

ట్రెవి ఫౌంటెన్ దగ్గర కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం వెనక్కి విసిరితే మళ్లీ రోమ్‌కు వస్తామట. ఇంటిల్లిపాదీ విసిరారు. ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీద బస్సు కిటికీలోంచి మా అత్తమ్మ గోదారిలో రూపాయి వేస్తే, "ఏం మూఢనమ్మకమే అమ్మా" అని నవ్వేవాడు వీడే. రూపాయి ముందుకు విసిరితే మూఢనమ్మకం, యూరో వెనక్కి విసిరితే సంస్కృతి.

వలెట్టా నుంచి మా ఆవిడకు చెవికమ్మలు తెచ్చాడు. వెండి తీగను వెంట్రుకలా సాగదీసి, మెలితిప్పి, పువ్వుగా అల్లిన పని. "మాల్టాల తప్ప ఎక్కడ దొరకదక్కా. ఫిలిగ్రీ అంటరు దీన్ని." కరీంనగర్ నడిబొడ్డున, మా ఇంటి సోఫాలో కూర్చుని ఈ మాట అన్నాడు. తరతరాలుగా ఆ పనికే పేరుపడ్డ ఊరు ఇది. 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కరీంనగర్ వెండి ఫిలిగ్రీ మావాడింటి నుంచి ఆటోలో పావుగంట దూరం. మాల్టా వాళ్ల పని తక్కువదని అననుగానీ, మనవాడు అత్తరుబుడ్డి అల్లితే ధర ఎక్కువని నాలుగుసార్లు బేరమాడినవాడు అక్కడ కిమ్మనకుండా యూరోలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఓడకు టైమైపోతోందట.

ఇక అసలు గొప్ప: "ఫ్యామిలీ టైమ్". పని ఒత్తిడిలో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు కాబట్టి అందరం కలిసి గడపడానికే ఈ ప్రయాణమని పోయేముందు ఊరంతా చెప్పాడు. ఇట్లాంటి ఓడల్లో పెద్దవాటిలో ప్రయాణికులే ఆరేడు వేలమంది పడతారు. మండల కేంద్రమంత జనం, పైగా అందరికీ ఒకేసారి ఆకలి. మావాళ్లు తీసుకున్నది లోపలి గది, అంటే కిటికీ ఉండదు. అందులో పైనా కిందా పడకలు. సముద్రం చూడ్డానికి లక్షలు పోసి, సముద్రం కనబడని గదిలో పడుకున్నారు. కిటికీ కావాలంటే వేరే రేటు, బాల్కనీకి ఇంకో రేటు. తిండి ఉచితమే గానీ కూల్‌డ్రింకులకు ప్యాకేజీ వేరు, వైఫైకి వేరు, అడక్కుండానే తలకు రోజుకింత అని టిప్పు బిల్లులో పడుతుంది. కొడుకు వీడియోగేముల అంతస్తులో, బిడ్డ ఈతకొలను దగ్గర, మావాడు క్యాసినో గుమ్మంలో ("ఉత్తగ చూస్తానికి పోయిన బావా"). ఒకరికొకరు ఎక్కడ తగిలారయ్యా అంటే, బఫే లైన్లో.

చెల్లె, అంటే వాడి భార్య, ముందుచూపున్న మనిషి. పప్పు దొరకదేమోనని మామిడికాయ తొక్కు, సకినాలతో పాటు చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ కూడా సూట్‌కేస్‌లో పెట్టింది. ఓడల్లో అగ్గి భయం ఎక్కువ. గదిలో వండే సామాను రానివ్వరు. స్కానింగ్‌లో కుక్కర్ పట్టుబడింది. దానికో చీటీ కట్టి లోపల పెట్టి, దిగే రోజు చేతికిచ్చారు. నాలుగు దేశాలు తిరిగినా నేల మీద కాలుపెట్టనిది ఆ ఇంట్లో కుక్కర్ ఒక్కటే.

కుటుంబమంతా కలిసి నీళ్ల కోసం పోవడం మన జిల్లాలకు కొత్తగాదు. ఏటా పుష్యమాసంలో గోండుల్లో మెస్రం వంశంవాళ్లు కేస్లాపూర్ నాగోబా దేవుడికి అభిషేకం చేయడానికి గోదావరిలో హస్తినమడుగు దాకా చెప్పులు లేకుండా నడిచిపోయి నీళ్లు తెస్తారు. జాతరలో వంట 22 పొయ్యిల మీదే. వంశం ఎంత పెరిగినా పొయ్యిలు పెరగవు, వంతు వచ్చేదాకా కూర్చోవాలి. అక్కడా లైనే. కాకపోతే ఆ లైన్లో నిలబడ్డవాళ్లకు ముందున్న మనిషి ఎవరి బిడ్డో, వెనకున్నది ఎవరి కోడలో తెలుసు. మావాడు ఒకసారి కేస్లాపూర్ పోయి, గంటలో రీలు తీసుకుని, "ఫెసిలిటీస్ లేవు" అని తిరిగొచ్చాడు.

సముద్రం దాటడమూ మనకు కొత్తగాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు చూపించండి. వాళ్లూ లక్షలు కట్టే పోతారు, ఏజెంటుకు. స్టేటస్ పెట్టరు. ఫ్యామిలీ టైమ్ అంటారా, ఎమిరేట్స్‌లో పెళ్లాంపిల్లల్ని తెచ్చుకోవాలంటే నెలజీతం 4,000 దిర్హాములుండాలి, లేదా 3,000తో పాటు ఉండటానికి ఇల్లుండాలి. కంపెనీ క్యాంపులో బంకు మంచం ఇల్లు కిందికి రాదు. బంకు మంచం మావాడికీ తగిలింది గానీ, వాడు దానికి డబ్బులిచ్చి పడుకున్నాడు.

ఓడ గదిలో రోజూ తువ్వాలును ఏనుగులా, హంసలా మడిచి పక్క మీద పెట్టేవారట. వాటివి పద్నాలుగు ఫొటోలున్నాయి. మడిచిన మనిషిది ఒక్కటి లేదు. ఏ దేశం అతనిది అని అడిగాను. "ఏమో బావా, మంచిగ నవ్వేటోడు" అన్నాడు. దోహాలోనో దుబాయిలోనో ఏదో హోటల్లో తువ్వాళ్లు మడుస్తున్న కోరుట్ల పిల్లగాడి గురించి కూడా ఎవడో ఇంటికి పోయి ఇదే మాట చెబుతుంటాడు.

వీసా భాగోతం చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. 2024 జూన్ నుంచి షెంజెన్ రుసుము పెద్దలకు 90 యూరోలు, వీసా రాకపోయినా తిరిగిరాదు. బ్యాంకులో డబ్బుందని చూపాలి, ఇంటికి తిరిగొస్తామని నమ్మించాలి. అంత బతిమాలి పోతే, బార్సిలోనా జనం మాత్రం అదే ఏడు జూలైలో, మా ఊళ్లో ఇళ్ల కిరాయిలు పెంచుతున్నారంటూ టూరిస్టుల మీద నీళ్ల తుపాకులు ఎక్కుపెట్టారు. మావాడు ఆ వారం అక్కడుంటే హోలీ అనుకుని ఎదురు చల్లేవాడు.

మొత్తం యాత్రలో సముద్రాన్ని తీరిగ్గా చూసింది మా అత్తమ్మ ఒక్కతే. పలెర్మో వదిలిన రాత్రి, సిసిలీకీ మాల్టాకూ మధ్య నీళ్లు. పై అంతస్తులో అందరూ తెల్లబట్టలేసుకుని ఆడే పార్టీ. ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చేవాళ్లు మునిగిపోయేది ఈ సముద్రంలోనే. 2013 అక్టోబర్ 3న ఒక్క లాంపెడూసా దగ్గరే 360 మందికి పైగా పోయారు. ఓడలో ఇచ్చే రోజువారీ కార్యక్రమాల కాగితంలో అట్లాంటివి ఉండవు. అత్తమ్మకూ అవేవీ తెలియవు. ఆమె పుట్టిల్లు చీర్లవంచ, మిడ్ మానేరు జలాశయం కింద మునిగిన ఊరు. కటాంజనం పట్టుకుని చాలాసేపు కిందికే చూసి కొడుకును అడిగిందట:

"ఈ నీళ్ల కింద ఏ ఊళ్లున్నయ్ రా?"

"ఊళ్లేముంటయే, సముద్రమిది."

నమ్మలేదు. "గిన్ని నీళ్లు ఉత్తగనే వస్తయా? ఎంతమందికి పరిహారమిచ్చిండ్రో, ఎంతమందికి ఇయ్యలేదో, ఆ నౌకరు పిలగాన్ని అడుగు."

అడగలేదు. అప్పటికే పైన కేకు కోస్తున్నారట.