డ్రైవరు లేని వికీ వికీ బస్సు

హవాయిలోని హొనొలులు విమానాశ్రయమున ప్రయాణికులను ఒక చోటినుండి మరియొక చోటికి చేరవేయు బస్సునకు ‘వికీ వికీ’ యని పేరు. ఆ దేశభాషలో వికీ యనగా వేగము. చదువరి తాను చదువుచున్న పుటను తానే దిద్దగల యంత్రాంగ మొకటి కల్పించి 1995 మార్చి 25వ తేదీన లోకమునకు విడిచినప్పుడు, ఓరెగన్ రాష్ట్రపు వార్డ్ కనింగ్‌హామ్ ఆ బస్సును తలచుకొనియే దానికాపేరు పెట్టెను. పేరు బహు సొగసుగ నున్నది. అయితే అప్పటినుండి అమెరికాలో ననేక సాఫ్ట్‌వేర్ సంస్థలు ఆ బస్సునుండి పేరును మాత్రము దించుకొని, డ్రైవరును హొనొలులులోనే వదలి వచ్చినవి.

నేను న్యూజెర్సీలో కొలువుచేసిన యొకానొక కార్యాలయమున (పేరేల? పాఠకుని కార్యాలయమే యనుకొనిన చాలును) మా సాఫ్ట్‌వేరునకు మాన్యువల్ లేదని వాడుకరులు మూడేండ్లు మొరపెట్టుకొనగా, పెద్దలు సభదీరి, మాన్యువల్ వ్రాయుటకై యొక మనుష్యుని నియమించుట వ్యయహేతువనియు, వికీ స్థాపించుట యొక మధ్యాహ్నపు పనియనియు, పిమ్మట సర్వమును ‘సముదాయమే’ వ్రాసికొనుననియు నిర్ణయించిరి. సముదాయమన నెవరని యడిగితిని. అందరును, అనిరి. అందరనగా నెవరని మరల నడుగుట సభామర్యాద కాదని యూరకుంటిని.

పిజ్జాలతో స్థాపనోత్సవము జరిగినది. చిహ్నమున కేరంగు వేయవలెనను చర్చ మూడు వారములు సాగినది. ‘శైలీనియమావళి’ యను పుట యొక్కటి మాత్రము సర్వాంగసుందరముగ సిద్ధమైనది. ఇంకను పుట్టని వ్యాసములకు పేర్లెట్లు పెట్టవలెనో అందు విపులముగ కలదు. మొదటి పుటలో నలువది శీర్షికలు. వ్రాయని పుటకు పోవు లంకె యెర్రగ కనబడుట వికీధర్మము గనుక, ఆ పుటయంతయు, పిలిచిన ముత్తైదువ లెవ్వరును రాని పేరంటపుటింట మూత తీసిపెట్టిన కుంకుమభరిణ వలె నుండెను.

వికీవలన ఫలితము లేదని మాత్రము నేననను. పూర్వము వాడుకరి మాన్యువల్ ఏదని యడిగినచో మేము సిగ్గుపడెడివారము. వికీ వచ్చిన పిదప ఆ సిగ్గు వానికి బదిలీ యయ్యెను. “వికీ యున్నది గదా, మీరే వ్రాయరాదా?” అని మావారు చిరునవ్వుతో ననుచుండిరి. ఆకలియని వచ్చిన యతిథిచేతికి గరిటె యిచ్చి, వంటయింటి దారి చూపి, తీరా వాడు వండిన పులుసులో ఉప్పు తక్కువైనదని యాక్షేపించుట యే శాస్త్రప్రకారము ఆతిథ్యమో నాకు తెలియదు. తెలియకపోవుటచేతనే మాన్యువల్ వెదకికొనువాడు తెలియకపోవుటచేతనే దానిని వ్రాయలేడు. తెలిసినవాడు, తనకు దానితో పనిలేదు గనుక, వ్రాయడు. ఈ యుభయుల నడుమ ఎర్రలంకె నిత్యసుమంగళియై వర్ధిల్లుచుండును.

మా కార్యాలయమున్న న్యూజెర్సీలోనే, మర్రీ హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో, యూనిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించిన కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు దాని మొదటి మాన్యువల్‌ను స్వహస్తములతో వ్రాసిరి. దానిపై నున్న తేదీ 1971 నవంబరు 3. పై యధికారి డగ్లస్ మెకిల్రాయ్ పట్టుబట్టినందున వ్రాసిరందురు. పట్టుబట్టువా డొకడుండుట యెంత యదృష్టము! తమ పనిముట్టు లెచ్చట తప్పు చేయునో ‘బగ్స్’ అను శీర్షికక్రింద తామే యొప్పుకొనిరి. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డోనాల్డ్ కనూత్ తన గ్రంథమున తప్పుపట్టిన చదువరికి 2.56 డాలర్లకు చెక్కు వ్రాసి పంపెడివాడు. అట్టి చెక్కు నందుకొన్న వారు దానిని మార్చుకొనక చట్రము కట్టించి గోడకు తగిలించుకొనుటయు కలదు. అచ్చట తప్పుపట్టిన పాఠకునికి బహుమానము, ఇచ్చట వెట్టిచాకిరి.

ఈమాట యనగానే వికీవాదులు వికీపీడియాను బ్రహ్మాస్త్రముగ ప్రయోగింతురు. నిజమే, అది లోకోపకారి. అమెరికాలో నుండిన వెన్న నాగార్జున వంటివారి చొరవతో 2003 డిసెంబరులో తెలుగునకును దాని తలుపు తెరచుకొన్నది. కాని తన యూరి చెరువును గూర్చియో, తాను మెచ్చిన చలనచిత్రమును గూర్చియో వ్రాయుటకు చూచిన కన్నులు వేలకొలది యుండును. మా సాఫ్ట్‌వేరులో నొకానొక మీట నొక్కిన నేమగునో యెరిగినవాడు లోకమున నొక్కడే; వాడును మొన్న రాజీనామా యిచ్చి కాలిఫోర్నియాకు వెడలిపోయెను. పైగా తెలుగు వికీపీడియాలో నైనను వ్యాసములు తలుపు తెరచినంతన లోపలికి నడచి రాలేదు; పట్టుమని కొద్దిమంది రాత్రులు కూర్చుండి వ్రాసిరి. వారిని ‘అందరు’ అని పిలిచినచో వారికి కోపము రావలెను.

మా వికీకి పిలువకయే వచ్చి, ప్రతిరాత్రియు శ్రద్ధతో వ్రాసిన సముదాయ మొక్కటి కలదు. బట్టతలకు మందులమ్మువారును, జూదశాలలవారును. వారి ధాటికి జడిసి, నిర్వాహకుని యనుమతి లేక యెవ్వరును వ్రాయరాదని కట్టడి చేసిరి. పిమ్మట నిర్వాహకుడు ఉద్యోగము మారెను.

గతమాసమున, ఉన్న మూడు పుటలలో నొకదాన పోర్టు సంఖ్య తప్పుగ నుండుట చూచి, నా వంతు ధర్మముగ దానిని దిద్దబోయితిని. నిర్వాహకుని పాస్‌వర్డ్ కావలెననిరి. అది యెచ్చట గలదని విచారింపగా, ఎవ్వరును మరువకుండుటకై వికీలోనే వ్రాసియుంచినారనియు, లాగిన్ అయినవారికి మాత్రమే ఆ పుట కనబడుననియు చెప్పిరి.