రెండవ కుంచము

లోకములో ఏ వస్తువునకైనను గౌరవము కలుగవలెనన్న ముందుగా దానికి పని తప్పవలెను. పొలమున నున్నంతకాలము బురదలో దొర్లి, వేసవిలో దొడ్డిమూల పడి చెదలకు మేతయైన నాగలి, ట్రాక్టరు వచ్చి దానిని నిరుద్యోగిని గావించిన పిమ్మట, వార్నిషు పూసికొని, విద్యుద్దీపము క్రింద నిలిచి, ‘ముట్టరాదు’ అను ఫలకముచే రక్షింపబడుచు, పుట్టినది మొద లెన్నడు నెరుగని మర్యాద ననుభవించుచున్నది. దానితో దున్నినవానికి మాత్ర మిట్టి మర్యాద ఇంకను ప్రాప్తింపలేదు.

పాతవస్తువులను ప్రదర్శనకు పెట్టు ఈ విద్యకు మూలపురుషులలో అగ్రగణ్యుడు స్వీడను దేశీయుడగు ఆర్టూర్ హాజెలియస్. యంత్రయుగము పల్లెలను మ్రింగుచుండుట కనిపెట్టి ఆయన పల్లెపట్టుల ఇండ్లను విప్పించి తెప్పించి, 1891లో స్టాక్‌హోమ్ నగరమున స్కాన్సెన్ అను బహిరంగ ప్రదర్శనశాలను నెలకొల్పెను. మనవారును వెనుకబడలేదు. 1996లో చెన్నపట్టణము చెంత ముట్టుకాడున తెరచిన దక్షిణచిత్రలో తెలుగు నేతవారి యిల్లును చూడదగును. హైదరాబాదు మాదాపురమున వెలసిన శిల్పారామములో ఒక పల్లెయే కొలువుదీరియున్నది. దాని చేరువనే 1998లో సైబర్ టవర్స్ లేచెను గనుక, పల్లెను విడిచివచ్చిన వాడు వారమంతయు అద్దాల మేడలో కొలువుచేసి, ఆదివారమునాడు టిక్కెట్టు కొని పల్లెను చూచుకొని పోవుటకు ఎంతయు వసతిగా నున్నది.

పెద్దవారి త్రోవనే చిన్నవారును నడతురు. ఇటీవల తెలంగాణములో ఒక గ్రామమున వెలసిన చిన్న ప్రదర్శనశాలను దర్శించు భాగ్యము నాకు లభించెను. జాజుతో అలికి ముగ్గులు తీర్చిన గోడలు, ఈగయైనను వ్రాలని పశువులకొట్టము, పేడ వేయని పూరిఎడ్లు, పడుగు పేకలతో నిలిచిపోయిన మగ్గము, గుమ్మి, గొర్రు, ఇసుర్రాయి, రోలు, రోకలి, అన్నియు తీరుగా నమర్పబడియున్నవి. అందు మోట నా మనసును మిక్కిలి యాకర్షించెను. ఎడ్లు ఏటవాలుగా దిగుచుండ వాటి బరువే బలమై తోలుబొక్కెన పైకి లేచుట, అంచు చేరినంతనే దాని తొండము తనంతట కాలువలోనికి నీరు క్రుమ్మరించుట చూచినచో, దానిని కల్పించినవాడు ఏ కళాశాలలో చదువకున్నను యంత్రశాస్త్ర మెరిగినవాడే యని ఒప్పుకొనక తప్పదు. మోటకడ నున్న ఫలకముమీద వానినిగూర్చి ఒక్క ముక్కయు లేదు. శాల ప్రారంభించిన ప్రముఖుని పేరుమాత్రము ద్వారముకడ చలువరాతిపై చెక్కబడియున్నది.

రోటికడ నున్న ఫలకమున, ఆనాటి స్త్రీలు పాటలు పాడుచు ఉల్లాసముగా వడ్లు దంచుకొనెడివారని వ్రాసియుండెను. భుజముల నొప్పి మరచుటకై పాడిన పాటను ఉల్లాసమని వ్రాయుట, ఎన్నడును రోకలి పట్టనివానికే చెల్లును. నగరమునుండి వచ్చిన యొక పెద్దమనిషి, ఆవరణము నూడ్చుచున్న అవ్వను పిలిచి, రోకలి పట్టి నిలువుము, ఫొటో సహజముగా వచ్చునని కోరగా, ఆమె చీపురు ప్రక్కన బెట్టి, “ఉత్తగ నిలబడితే ఎంతిస్తరు, దంచితే ఎంతిస్తరు సారూ?” అని యడిగెను. ఆ శాలలో నిజముగా పల్లెకు చెందినమాట అదొక్కటియే నాకు వినబడెను.

ఇక కొలపాత్రల సంగతి. సోల, తవ్వ, మానిక, కుంచము వరుసగా అద్దపుబీరువాలో మెరయుచున్నవి. 1956 నాటి తూనికలు, కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతి వచ్చి వీనిని అంగడినుండి వెడలగొట్టెను. అయితే బీరువాలో కుంచ మొక్కటియే యున్నది. పల్లెలో కుంచములు రెండుండెడివని పెద్దలెల్లరు నెరుగుదురు: ఇచ్చునది యొకటి, పుచ్చుకొనునది వేరొకటి. ఆ రెండవ కుంచ మెక్కడ? కరవునాడు గింజలు బదులిచ్చి, పంటనాడు ఒకటికి ఒకటిన్నరగా రాబట్టు నాగు లెక్కల పుస్తకమెక్కడ? ఊరి నడుమ బావి యున్నది. దానిలో చేద వేయరాని వారు ఎదురుచూచిన గట్టెక్కడ? 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము చేయవలసివచ్చెనన్న ఆ వెట్టి యెక్కడనో యుండియుండవలెను గదా. ఆ శాలలోని బొమ్మల పల్లెలో అందరును చిరునవ్వుతో తమ తమ పని తాము చేసికొనుచున్నారు, ఎవనికిని ఎవడును బాకీ లేడు.

ఈ మాట నేనొక నిర్వాహకునితో ననగా, అట్టివి చూపినచో పిల్లలు జడిసికొందురు, పెద్దలు నొచ్చుకొందురని ఆయన సెలవిచ్చెను. పిల్లలు జడియుదురో లేదో చెప్పజాలను గాని, పెద్దలు నొచ్చుకొందురనుట ముమ్మాటికి సత్యము. నొచ్చుకొనువారే విరాళము లిచ్చువారగుట చేతనే మన పల్లె యింత పరిశుభ్రముగా బయటపడినది. పూర్వుల పనితనమును కాపాడవలసినదే. కుమ్మరి వేళ్ళనేర్పును, నేతగాని లెక్కను, వడ్రంగి కంటికొలతను మనుమలకు చూపవలసినదే. కాని ఆ పనికి కూలి యెంత ముట్టెనో దాచిపెట్టి పనిముట్టును మాత్రము తుడిచి నిలబెట్టుట చరిత్ర కాదు, ముస్తాబు.

కావున ప్రదర్శనశాలల నడుపు పెద్దలకు నా విన్నప మొక్కటే: బీరువాలో రెండవ కుంచమును గూడ నుంచుడు. అది దొరకదని చెప్పవలదు. దానితో కొలిచినవారి యిండ్లును, కొలిపించుకొన్నవారి యిండ్లును ఊరిలో ఇప్పటికిని ఉన్నవి, అడిగినచో ఉభయులును చెప్పగలరు.