అడంగల్‌లో ఒకరు, అనుభవంలో ఒకరు

నగరాల్లో కంపెనీలు లక్షలు పోసి పెట్టించుకునే ప్రాక్సీ గేట్‌వే మన అరకులో ఎప్పటినుంచో నడుస్తోంది. కరెంటు అక్కర్లేదు, కేబుల్ అక్కర్లేదు. ఒక గిరిజనుడి పేరు, ఒక వేలిముద్ర ఉంటే చాలు.

కంప్యూటర్ ప్రాక్సీ పని సులువు. మీరడిగిన పేజీ కోసం తనే వెళ్తుంది, తన అడ్రసే చూపిస్తుంది. అవతలి సర్వర్‌కు మీ మొహం తెలియదు. మీరు నేరుగా వెళ్తే ‘403, ప్రవేశం లేదు’ అని గెంటేసిన సర్వరే ప్రాక్సీని చూసి తలుపు తీస్తుంది.

ఏజెన్సీలో ఆ 403 పేరు 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో సెంటు భూమి గిరిజనేతరుడికి బదలాయించినా చెల్లదంటుంది 1970 నాటి ఆ చట్టం. అనంతగిరి కొండల గనుల లీజులపై సమతా అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకా బిగించింది: సర్కారు సైతం అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదు. ఇంత గట్టి తలుపుండగా మైదానం దొరగారి రిసార్టు ఎలా లేచిందంటారా? పట్టా తోటమాలి పేరున, లైసెన్సు వంటమనిషి పేరున. గల్లాపెట్టె తాళం మాత్రం దొరగారి జేబులో.

ప్రాక్సీకి కాష్ అనే అలవాటొకటి ఉంది. ఒకసారి తెచ్చిన పేజీని దాచుకుని, మళ్లీ అడిగితే సర్వర్ దాకా పోకుండా అందిస్తుంది. దొరగారి బీరువాలోనూ దాపుడు సరుకుంది: ముందే వేలిముద్రలు వేయించిన ఖాళీ స్టాంపు కాగితాలు.

పాపం, యంత్రానికి కాస్త సిగ్గుంది. చాలా ప్రాక్సీలు ‘ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్’ అనే వరుసలో అసలు అడిగిందెవరో రాసి పంపుతాయి. మన అడంగల్‌లోనూ అలాంటి గడి ఉంది, పట్టాదారు పక్కన అనుభవదారు. రెండింట్లోనూ తోటమాలే! ఆ వరుసలో ఎవరైనా అబద్ధం రాయొచ్చని నెట్‌వర్క్ వాళ్లకు తెలుసు గనుక, నమ్మకమైన ప్రాక్సీ రాస్తే తప్ప లెక్కలోకి తీసుకోరు. మన రెవెన్యూ సిబ్బంది మనసు అంతకన్నా విశాలం. దొరగారి డైనింగ్ హాల్లో బొంగు చికెన్ తిని, చెయ్యి కడుక్కుని, అనుభవదారు తోటమాలేనని రాసి వస్తారు.

అయ్యా అధికారులూ, ఈసారి వెళ్లినప్పుడు తోటమాలిని పిలిచి నెల జీతమెంతో అడగండి. జీతగాడైతే భూమి ఎవరి చేతిలో ఉందో తేలిపోతుంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలోని భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది దొరగారే.