దెబ్బ నాది, జవాబు వెన్నుపాముది

గుండ్రటి రబ్బరు తల, కొస తేలిన పొడుగాటి కాడ. ఇదీ నేను. హైదరాబాదులో ఓ నరాల డాక్టరుగారి తెల్లకోటు జేబులో సగం లోపలా సగం బయటా కాపురం. ఎంఆర్‌ఐ యంత్రం ముందు నా ఖరీదు ఏపాటి? అయినా ఓపీలో ముందు పిలుపు నాకే.

మా వంశం నరాల కోసం పుట్టలేదు. 1761లో ఆవెన్‌బ్రుగ్గర్ అనే ఆస్ట్రియా వైద్యుడు, ఛాతీని వేళ్లతో తట్టి ఆ శబ్దాన్ని బట్టి లోపలి జబ్బు చెప్పవచ్చని రాశాడు. వేళ్ల బదులు సుత్తులు వచ్చాక మా పెద్దలు చాలాకాలం ఛాతీల మీదే బతికారు. 1875లో జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే వైద్యులు ఎవరికి వారుగా మోకాలి దెబ్బ సంగతి రాశారు. అప్పుడు తిరిగింది మా దశ. నా ఈ గుండ్రటి రూపం మాత్రం లండన్ క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో పనిచేసిన మిస్ వింటిల్ అనే నర్సు చలవే. ఇత్తడి చక్రం, రబ్బరు కట్టు, వెదురు కర్ర కలిపి తయారుచేసి అక్కడి డాక్టర్లకు అమ్మేదట.

మొన్న నల్లగొండ వైపు నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. నడుం వంగదు, మెడ తిరగదు, కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. బల్ల అంచున కూర్చోబెట్టి, "పెద్దాయనా, కాలు బిగబట్టకు, వదిలెయ్" అన్నారు డాక్టరుగారు. మోకాలి చిప్ప కింద నన్ను తగిలించారో లేదో, కాలు ఎగిరి ఎదుటి కుర్చీకి తగిలింది.

"నేనేం ఊపలే సారూ, గదే లేశింది!"

అబద్ధం కాదు. చిప్ప కింది స్నాయువు మీద నేను పడగానే తొడ ముందు కండరం రవ్వంత సాగుతుంది. సాగిన కబురును జ్ఞాననాడి వెన్నుపాముకు, నడుం దగ్గరి విభాగాలకు చేరవేస్తుంది. అక్కడ ఒకే ఒక్క నాడీసంధి దాటగానే చాలకనాడి అందుకుని 'బిగుసుకో' అని అదే కండరానికి చెబుతుంది. తొడ వెనక కండరం అడ్డుపడకుండా మధ్యలో ఓ చిన్న నాడీకణం దాన్ని ఊరుకోబెడుతుంది. ఇదంతా అయ్యేసరికి సెకనులో పదో వంతు కూడా గడవదు. మెదడుకూ కబురు వెళుతుంది, కాని తీర్పు అయిపోయాక.

అలాగని మెదడుకు ఇందులో పని లేదనుకోకండి. దాని పని ఎక్కువగా పట్టి ఉంచడం. పై నుంచి దిగే నాడీతంతువులు వెన్నుపాము దూకుడుకు పగ్గం వేసి ఉంచుతాయి. ఆ దారి తెగితే, నలిగితే పగ్గం జారుతుంది, కాలు విపరీతంగా ఎగురుతుంది. పక్కవాళ్లు "భలే బలంగా ఉందే" అంటారు. నాకు మాత్రం అలాంటి ఎగురుడు చూస్తే గుబులు.

డాక్టరుగారు నన్ను తిరగేసి, కాడ కొసతో పెద్దాయన అరికాలి అంచును మడమ నుంచి ముందుకు గీశారు. బొటనవేలు కిందికి ముడుచుకోవాల్సింది, మెల్లగా పైకి లేచింది. 1896లో బబిన్‌స్కీ అనే వైద్యుడు చెప్పిన గుర్తు ఇదే. ఏడాది లోపు పసిపిల్లల్లో ఇది మామూలే, వాళ్లకు పై నుంచి వచ్చే దారి ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. పెద్దాయనకు సిద్ధమైన దారే నలిగింది. ఏళ్ల తరబడి తాగిన ఫ్లోరైడు నీళ్లతో ఎముక పెరిగి, వెన్నెముక లోపలి గొట్టం ఇరుకై, మెడ దగ్గర వెన్నుపామును నొక్కుతోంది. ఈ ఫ్లోరోసిస్ కొత్తదేం కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఇది ఉందని 1937లోనే వైద్య పత్రికలో అచ్చయింది. నీళ్లు తెచ్చిన జబ్బును తెలిసీ ఇన్ని దశాబ్దాలు మోయించడం నాకు మింగుడుపడని సంగతి.

నాకు అన్నీ తెలుస్తాయని కాదు. గుండె వేగం, పేగుల కదలిక చూసే స్వయంచోదిత నాడీ వ్యవస్థ నా దెబ్బకు అందదు. అనుమస్తిష్కం దెబ్బతింటే కాలు ఒకసారి ఎగిరి ఆగక అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, ఆ మేరకు పట్టగలను. కొందరికి కాలు అసలు కదలదు. అప్పుడు డాక్టరుగారు రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా తగిలించి గట్టిగా లాగమంటారు. హంగేరీ వైద్యుడు యెండ్రాషిక్ 1885లో చెప్పిన కిటుకు ఇది. అలా లాగుతుండగా తడితే కాలు చాలాసార్లు లేస్తుంది.

అప్పటికీ లేవకపోతే తప్పు చాలాసార్లు పై దారిలో కాదు, కింది నరాల్లో ఉంటుంది. ఓపీలో ఇలాంటివాళ్లలో ఎక్కువమంది షుగరు రోగులు. షుగరు ముందుగా దెబ్బతీసేది పొడవైన నరాలనే, అంటే పాదాలకు వెళ్లేవాటిని. మడమ పైన ఎన్నిసార్లు తట్టినా పాదం ఉలకదు, పలకదు. చెప్పులో రాయి గుచ్చుకున్నా ఆ మనిషికి తెలియదు. పుండు పడ్డాక, చీము పట్టాక వస్తారు.

షుగరున్నవాళ్లకు నాదో మాట. ఈసారి డాక్టరు దగ్గర రిపోర్టుల ఫైలు ఒక్కటే తెరిచి లేచి రాకండి. చెప్పులు విప్పి పాదాలు చూపించండి, మడమ పైన ఓ దెబ్బ వేయమని అడగండి. డబ్బు ఖర్చు లేదు, నొప్పీ లేదు.