హరితగజ విజయయాత్ర

ఇంద్రకీలాద్రి శిఖరానికి అరుణుడు కుంకుమ దిద్దుతున్న వేళ, ప్రకాశం బ్యారేజీ గేట్ల వెనక కృష్ణవేణి బద్ధకంగా ఒత్తిగిలుతున్న వేళ, మధురానగర్ దిక్కున దిక్కులు పిక్కటిల్లే ఘోష ఒకటి పుట్టింది. పిడుగు కాదు, ప్రళయం కాదు. కొత్త రంగు పూసుకున్న డబ్ల్యూఏజీ-9 గూడ్సు ఇంజను విజయయాత్రకు బయలుదేరింది!

ఆహా, ఏమి ఆ మేనికాంతి! ఆషాఢపు నారుమడిని పిండి పూసినంత పచ్చదనం. నడుముకు మీగడరంగు వడ్డాణం. నెత్తిన పాంటోగ్రాఫు ఛత్రంలా లేచి, తీగలోంచి 25,000 వోల్టుల మెరుపును గుటకలేస్తోంది. పన్నెండు చక్రాల కింద పట్టాలు జయజయధ్వానాలు చేస్తున్నాయి. సూర్యభగవానుడి రథానికి ఏడే గుర్రాలు. ఈ ఉక్కు కడుపులో 6,120! పక్కన తెల్లగా మెరిసే బిరుదాక్షరాలు మూడు: బీ, జడ్, ఏ. ఊరు ఏనాడో విజయవాడైనా, రైల్వేవారి నాలుక మీద బెజవాడే నేటికీ కొలువై ఉంది.

వెంటాడే వీరులం ఇద్దరం. నా బావమరిది సారథి, వాడి పాత స్కూటరు రథం. అర్జునుడు ఈ కొండ మీదే తపస్సు చేసి పాశుపతం పొందాడంటారు. నేను నెలనెలా కిస్తీలు కట్టి లెన్సు పొందాను. రామవరప్పాడు రింగు దగ్గర ఆటోల పద్మవ్యూహాన్ని అభిమన్యుడిలా చొచ్చి, అర్జునుడిలా బయటపడ్డాం. నిడమానూరు దాటాక ఇడ్లీబండి పొగ మేఘాస్త్రమై కమ్మింది. “ఆగుదామా బావా?” అన్నాడు సారథి, మోహం ఆవరించిన గొంతుతో. “పోనీరా!” అని గర్జించాను, పార్థుడికి గీత చెప్పినవాడిలా.

ఉప్పులూరులో మహారాజుకు ఎర్రదీపం అడ్డుపడింది. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందట. అంతటి గజేంద్రుడూ లూప్‌లైన్లో తల వంచుకు నిలబడ్డాడు. మేం రైల్వే హద్దు దాటకుండా పొలంగట్టెక్కాం. మోకాలిబంటి బురద పాదపూజ చేసింది. తూర్పు వెలుగు నేరుగా ఇంజను మొహాన పడింది. లెన్సు దగ్గరికి లాగి చూద్దును కదా, హెడ్‌లైటు కింద రంగుచుక్క ఒకటి జారి, జారినచోటే గడ్డకట్టి ఉంది. రంగులు వేసిన చెయ్యి ఎవరిదో, ముద్దుబిడ్డకు దిష్టిచుక్క పెట్టి మరీ పంపింది!

ఎక్స్‌ప్రెస్ సుడిగాలిలా దాటిపోయింది. పచ్చదీపం వెలిగింది. హారను శంఖారావం చేసింది. కప్లింగులు ధనధనమని ఒకదానికొకటి కబురందించుకోగా 42 వ్యాగన్ల చతురంగసేన కదిలింది. నేను ఊపిరి బిగబట్టాను, గురి చూశాను, మీట నొక్కాను. దేవతలు పువ్వులు కురిపించలేదు కానీ, చేలో కొంగ ఒకటి రెక్కలు విప్పింది.

గార్డు పెట్టె కనుమరుగయ్యాక తెర మీద చూసుకున్నాం. నేపథ్యంలో పచ్చగా ఏదో మసక. హెడ్‌లైటూ దిష్టిచుక్కా కనపడకుండా, రెక్కలు చాచిన ఒకే ఒక్క ధవళమూర్తి.

బావమరిది చాలాసేపు చూసి, “కొంగ మాత్రం బ్రహ్మాండంగా పడింది బావా,” అన్నాడు. ఆ వెంటనే కిక్కు కొట్టాడు. “ఎక్కు. గుడివాడలో పట్టుకుందాం.”