పూషుడి పండ్లు, మా ఊరి సంగటి

మా ఊరి దేవుడికి పండ్లతో పాత లెక్క ఉంది. దక్షుడు శివుణ్ణి తిడుతుంటే పండ్లికిలించిన పూషుడి పండ్లు దక్షయజ్ఞంలో రాలగొట్టింది వీరభద్రుడే. ఎక్స్‌రే లేదు, మత్తుసూది లేదు, ఒక్క సిట్టింగులో పని పూర్తి. ఆ స్వామి కొలువున్న రాయచోటిలో పన్ను నొప్పి అని చెప్పుకుంటే ఎదుటివాళ్ళ నోట మొదట వచ్చే మాట, "పీకిచ్చి పారెయ్ మామా."

నాది కుడివైపు కింది దవడ పన్ను. పగలంతా బుద్ధిగా ఉండి, పక్క మీద వాలగానే సలుపు మొదలుపెట్టేది. అందులో దాని దురుద్దేశం ఏమీ లేదట. పన్ను లోపల నరం, రక్తనాళాలు ఉండే గదికి నాలుగు పక్కలా గట్టి గోడలు. చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది, అక్కడ సాగడానికి చోటు లేదు. పడుకుంటే తలకు రక్తం ఒత్తిడి పెరిగి ఆ ఇరుకు మరింత ఇరుకవుతుంది. కాబట్టి అర్ధరాత్రి మిద్దె మీద పచార్లు చేసే ప్రతివాడూ కవీ కాదు, దొంగా కాదు.

జేజి లవంగం అదిమి పెట్టుకోమంది. తీసిపారేసే వైద్యం కాదది. లవంగంలోని యూజినాల్‌నే దంతవైద్యులు కూడా పన్నును తాత్కాలికంగా పూడ్చే మందులో కలుపుతారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి జేజి నా పన్ను చూసే డాక్టరమ్మను తన శిష్యురాలి కింద జమకట్టేసింది.

డాక్టరమ్మ పన్ను పీకకుండా రూట్ కెనాల్ చేద్దామంది. "నరం లాగితే కన్ను పోతాదంట", "మెదడుకు ఎక్కుతాదంట" అన్న పెద్దమనుషులెవరూ రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్ళు కారు. చేయించుకున్నవాళ్ళు క్యాప్‌కు ఎంతైందో మాత్రమే చెబుతారు.

నిజానికి నొప్పి సూది దగ్గరే, అదీ కాసేపు. 1943లో స్వీడన్‌లో తయారుచేసిన లిగ్నోకెయిన్ పుణ్యమది. వాచిన చోట ఆమ్లగుణం ఎక్కువై మందు చప్పున పట్టదు గనుక నాకు రెండో సూది కూడా పడింది. పెదవి మొద్దుబారింది. పన్ను చుట్టూ రబ్బరు గుడ్డ బిగించి, నోరు మూయడానికి లేకుండా చేశాక డాక్టరమ్మ మాటలు మొదలుపెట్టింది.

"మీది ఏ వీధి సార్? గాలివీడాయన మీకు మామ వరస అయితారు కదా?"

గాలివీడాయనకూ మాకూ గెట్టు తగాదా. మాటల్లేవు. ఆ మాట ఎట్లా చెప్పను? "ఆఁ" అన్నాను. "అట్లయితే మనం మనం బంధువులే సార్!" అని ఆమె సంతోషపడింది. దానికీ "ఆఁ" అన్నాను. ఆ మధ్యాహ్నం నేను ఒప్పుకోని చుట్టరికం లేదు.

ఇక అసలు పని. సన్నని ఫైళ్ళు ఒకటి తర్వాత ఒకటి దిగుతాయి. తెలుపు, పసుపు, ఎరుపు, నీలం అని పిడి రంగును బట్టి లావు. వేరు కొస దగ్గరపడితే పక్కనున్న మిషను కుయ్‌మంటుంది. కింది దవడ పన్నుకు మామూలుగా మూడు కాలువలు, కొందరికి నాలుగు. ఆ నాలుగోదాని కోసం డాక్టరమ్మ, అసిస్టెంటు వంగి వెతుకుతుంటే మా చేలో బోరు బండి దగ్గర నిలబడ్డట్టే ఉంది. కాకపోతే అక్కడ వెయ్యి అడుగులు పోయినా దుమ్మే, ఇక్కడ రెండు సెంటీమీటర్లలో లెక్క తేలిపోయింది. తర్వాత బ్లీచింగు వాసనొచ్చే సోడియం హైపోక్లోరైటుతో కడగడం. మందు పెట్టి పంపించి, ఇంకోసారి పిలిచి, ఖాళీ అయిన కాలువల్లో గట్టాపెర్చా కూరడం.

గట్టాపెర్చా మలయా వైపు అడవుల్లో ఒక చెట్టు పాలు. 1858లో అట్లాంటిక్ సముద్రం అడుగున పరిచిన టెలిగ్రాఫు తీగకు తొడిగింది దీన్నే. అక్కడ తీగను కాపాడి వార్తలు దాటించింది. నా పన్నులో తీగను లాగేసి దీన్ని కూరారు, ఇక ఆ పక్క నుంచి వార్తలు లేవు.

"క్యాప్ వేసేదాకా ఆ పక్క నమలొద్దు సార్, మెత్తటివే తినండి." ఈ జాగ్రత్త రాయచోటిలో చెప్పాలా? రాగిసంగటిని ఎవరు నములుతారు, ముద్ద ముంచి మింగడమే. పండ్లు పోయాక పూషుడికి పిండే ఆహారమైందని పురాణం జాలిపడుతుంది గానీ, మా ఊరొచ్చి ఉంటే సంగటి, పప్పుతో దర్జాగా బతికేవాడు. ఊరిబిండి మాత్రం మెత్తగా నూరించుకోవాలి. గువ్వలచెరువు పాలకోవా కూడా మెత్తనిదే కదా అని అడిగి చూశాను. డాక్టరమ్మ చూసిన చూపులో చుట్టరికం కనిపించలేదు.

నరం పోయిన పన్ను విరిగిపోకుండా పైన క్యాప్. లోహం, పింగాణీ, జిర్కోనియా అని వరసగా చూపిస్తారు, ధర కూడా అదే వరసలో ఎక్కుతుంది. జిర్కోనియాకు పదిహేనేండ్ల వారంటీ కార్డిచ్చారు. జేజి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరి పేర రాసిచ్చినార్రా?" అంది. నా పేరే అన్నాను. ఇనప్పెట్టె తెరిచి, పట్టాదారు పాసుబుక్కు మధ్య పెట్టి తాళమేసింది. గాలివీడాయన కంట పడకూడదట.